బిల్లు ప్రింటర్ తనలోని అక్షరాల్ని ఎందుకు తిరిగి ఇవ్వదు?

బిల్లు ప్రింటర్‌కి 76 అనే ఒక్క బైట్ పంపితే ఇంగ్లిష్ పెద్ద ‘ఎల్’ అచ్చవుతుంది. ఆ అక్షరం రూపం కంప్యూటర్ నుంచి రాలేదు. ఏ చుక్క నల్లబడాలి, ఏ చుక్క ఖాళీగా ఉండాలి అన్న పటం ప్రింటర్ మెమరీలోనే ఉంది. కంప్యూటర్ నంబరు చెప్పింది, ప్రింటర్ బొమ్మ వేసింది. మరి లోపలున్న ఆ బొమ్మని ఒక కమాండ్ పంపి వెనక్కి తెప్పించుకోవచ్చా?

ఈ అవసరం నిజంగానే పడుతుంది. పాత బిల్లింగ్ కంప్యూటర్ చెడిపోతుంది. ఎవరో ఒకప్పుడు కూర్చుని తయారు చేసిన ప్రత్యేక గుర్తు ప్రింటర్లో తప్ప ఇంకెక్కడా మిగలదు. లేదా కాగితం మీద ఎలా పడుతుందో స్క్రీన్ మీద అచ్చం అలాగే చూపించే ప్రోగ్రాం రాయాలి, దానికి అసలు అక్షరాలే కావాలి. లేదా పంపిన అక్షరాలు లోపలికి సరిగ్గా చేరాయా లేదా అన్నది తేల్చుకోవాలి. మూడు సందర్భాల్లోనూ మొదట తట్టేది మెమరీని చదివే కమాండ్ ఏదో ఉండే ఉంటుందని. మాన్యువల్ తిరగేస్తే దొరికేవి మాత్రం రాసే కమాండ్లే.

బిల్లు ప్రింటర్లలో ఎక్కువగా నడిచేది ఎప్సన్ రూపొందించిన ఈఎస్‌సీ/పీఓఎస్ కమాండ్ భాష. వేరే కంపెనీల ప్రింటర్లు కూడా చాలావరకు దీన్నే, లేదా దీనికి దగ్గరి రూపాన్నే అర్థం చేసుకుంటాయి. ఇందులో సొంత అక్షరాన్ని లోపలికి పంపే కమాండ్ ఉంది, దాన్ని వాడమనే కమాండ్ ఉంది, చెరిపే కమాండ్ కూడా ఉంది. లోపలున్న రూపాన్ని బయటికి పంపమనే జంట కమాండ్ మాత్రం లేదు. ఏదైనా తయారీదారు తన మోడల్‌కి ప్రత్యేకంగా అలాంటిది కలిపి ఉంటే అది ఆ మోడల్ మాన్యువల్‌కే పరిమితం, పక్క ప్రింటర్లో పనిచెయ్యదు. ఈ లోటు మరచిపోవడం వల్ల వచ్చినట్టు కనిపించదు. ప్రింటర్ కంప్యూటర్‌కి జవాబులు పంపే దారి ఎలా కట్టారో చూస్తే కారణం బోధపడుతుంది. దానికి ముందు అక్షరం లోపల ఏ రూపంలో ఉంటుందో చూడాలి.

‘ఫాంట్ ఏ’ అనే మామూలు అక్షరాల సెట్టులో ఒక్కో అక్షరానికి 12 చుక్కల వెడల్పు, 24 చుక్కల ఎత్తు ఉంటాయి. ఒక నిలువు వరసలో 24 చుక్కలంటే 24 బిట్లు, అంటే 3 బైట్లు. అలాంటి వరసలు 12 కాబట్టి మొత్తం 36 బైట్లు. సొంత అక్షరం పంపే కమాండ్ 27, 38 అనే రెండు బైట్లతో మొదలవుతుంది. ఆ తర్వాత నిలువుకి ఎన్ని బైట్లో చెప్పే 3, మొదటి కోడ్ (అంటే అక్షరం నంబరు), చివరి కోడ్, వెడల్పు, ఆపైన చుక్కల డేటా వస్తాయి. ప్రతి బైట్లో పెద్ద విలువ ఉన్న బిట్ పైన ఉంటుంది.

‘ఎల్’ని చేత్తో గీసి చూద్దాం. ఎడమ పక్క రెండు నిలువు వరసలు పూర్తిగా నలుపు: 255, 255, 255 రెండుసార్లు. తర్వాత ఎనిమిది వరసల్లో అడుగున రెండు చుక్కలే నలుపు: 0, 0, 3 ఎనిమిదిసార్లు. చివరి రెండు వరసలు పక్క అక్షరంతో ఎడం కోసం ఖాళీ: 0, 0, 0 రెండుసార్లు. మొత్తం 36 బైట్లలో 22 సున్నాలే. ఈ సున్నాల లెక్కతో ముందు ముందు పని ఉంది.

ఇలా పంపిన అక్షరం 32 నుంచి 126 వరకూ ఉన్న కోడ్‌లలో ఏదో ఒకదాని మీద కూర్చుంటుంది. అది ఉండేది ర్యామ్‌లో. కరెంటు పోతే పోతుంది. 27, 64 అనే రీసెట్ కమాండ్ వచ్చినా పోతుంది. కొన్ని మోడళ్లలో సొంత అక్షరాలకీ, 29, 42తో పంపే డౌన్‌లోడ్ బొమ్మకీ ఒకే చోటు కేటాయించారు, ఒకటి వస్తే రెండోది చెరిగిపోతుంది. ప్రింటర్‌తో పాటు పుట్టిన అక్షరాలు వేరే చోట, ప్రింటర్‌ని నడిపే లోపలి ప్రోగ్రాం (ఫర్మ్‌వేర్) పక్కన శాశ్వత మెమరీలో ఉంటాయి. కొన్ని మోడళ్లలో ఈ రెండింటికీ మధ్యస్థంగా ఇంకొకటుంది: 255 నంబరు కోడ్ పేజీ (ఏ కోడ్‌కి ఏ అక్షరమో చెప్పే పట్టిక). వాడేవాళ్లు 128 పైన ఉన్న కోడ్‌లకి తమ సొంత రూపాలు ఇచ్చి, కరెంటు పోయినా నిలిచేలా దాచుకోవచ్చు. అక్కడ కూడా రాయడం, చెరపడం, దాచిన చోటు నుంచి పని చేసే చోటుకి నకలు తియ్యడం ఉన్నాయి. నకలు ప్రింటర్ లోపల లోపలే జరిగిపోతుంది, బయటికి ఒక్క బైటూ రాదు.

ఈ అలవాటు పాతదే. ఎప్సన్ ఆఫీసు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ల భాషలో 27, 58తో మొదలయ్యే కమాండ్ ఒకటుంది. శాశ్వత మెమరీలోని అక్షరాలన్నిటినీ ర్యామ్‌లోకి నకలు తీస్తుంది. తర్వాత కావలసిన ఒకటి రెండు అక్షరాలు మాత్రం మార్చుకోవచ్చు. పుట్టుకతో వచ్చిన అక్షరాల్ని ఆధారంగా తీసుకోవాల్సిన అవసరం ఉంటుందని డిజైనర్లకి ముందే తెలుసన్నమాట. దాన్ని కూడా ప్రింటర్ గోడ దాటనివ్వకుండానే తీర్చారు.

ఇక వెనక్కి వచ్చే దారి. బిల్లు ప్రింటర్ మూగది కాదు, చాలా విషయాలు చెబుతుంది. 16, 4, 1 పంపితే తన పరిస్థితిని ఒక్క బైట్లో చెబుతుంది. 29, 73 తర్వాత 65 పంపితే ఫర్మ్‌వేర్ వెర్షన్, 66 పంపితే తయారీదారు పేరు, 67 పంపితే మోడల్ పేరు, 68 పంపితే సీరియల్ నంబరు ఇస్తుంది. 69 పంపితే అదనంగా ఏ భాష అక్షరాలు ఉన్నాయో చెబుతుంది: జపనీస్ కాంజీయో, చైనా జీబీ 2312నో, ఇంకోటో. ఫాంట్ గురించి ప్రింటర్ నోరు విప్పే ఈ ఒక్క చోట కూడా చెప్పేది పేరే, రూపం కాదు.

ఈ జవాబులు వచ్చే తీరులోనే అసలు విషయం ఉంది. పేర్ల లాంటి పొడుగు జవాబులు 95 అనే బైట్‌తో మొదలై, అక్షరాలు వచ్చి, సున్నాతో ముగుస్తాయి. సున్నా వచ్చిందంటే అయిపోయిందని లెక్క. మోడల్ పేరుకి ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే పేరులో సున్నా బైట్ ఉండదు. మనం గీసిన ‘ఎల్’ని ఇదే పద్ధతిలో తెప్పించాలనుకుందాం. 255 ఆరుసార్లు వస్తుంది, ఏడో బైట్ సున్నా. కంప్యూటర్ అక్కడితో చదవడం ఆపేస్తుంది. చేతికి వచ్చేది రెండు నిలువు గీతలు, అడుగు గీత గల్లంతు.

సున్నా ఒక్కటే అయితే పొడవు ముందే చెప్పి గట్టెక్కవచ్చు. సీరియల్ కేబుల్ మీద ఇంకో చిక్కుంది. ప్రింటర్ బఫర్ (వచ్చిన డేటా అచ్చయ్యేదాకా ఆగే చోటు) నిండితే ‘ఆగు’ అనీ, ఖాళీ అయితే ‘కానియ్యి’ అనీ కంప్యూటర్‌కి చెప్పాలి. అందుకు ప్రత్యేకంగా ఒక తీగ వాడవచ్చు, లేదా డేటా వచ్చే దారిలోనే రెండు బైట్లు పంపవచ్చు: 19 అంటే ఆగు, 17 అంటే కానియ్యి. రెండో పద్ధతిలో ప్రింటర్ నుంచి వచ్చే ప్రతి బైట్‌నీ కంప్యూటర్ అనుమానంగా చూడాలి. అక్షరం డేటాలో 17 వస్తే? అది రెండు చుక్కల నలుపా, ‘కానియ్యి’ అన్న మాటా? 17 అంటే నాలుగు చుక్కల ఎడంలో ఉన్న రెండు నల్లచుక్కలు, అంతే. పక్కపక్కన సన్నగీతలున్న ఏ అక్షరంలో అయినా తగలవచ్చు.

ఈఎస్‌సీ/పీఓఎస్ రాసినవాళ్లు ఈ ఇబ్బందిని ఎంత ముందుగా ఊహించారో 16, 4, 1కి వచ్చే జవాబు చూస్తే తెలుస్తుంది. ఆ బైట్లో నాలుగు బిట్లు ఎప్పటికీ మారవు. అడుగు బిట్ 0, దాని పై బిట్ 1, విలువ 16 ఉన్న బిట్ 1, అన్నిటికంటే పైది 0. మిగతావన్నీ సున్నాలైతే జవాబు 18. సరిగ్గా 17కీ 19కీ మధ్య, రెంటికీ అంటకుండా! 17లోనూ 19లోనూ అడుగు బిట్ 1 కాబట్టి, ప్రింటర్ పరిస్థితి ఎలా ఉన్నా ఈ జవాబు ఎప్పుడూ ఆ రెంటిలా మారదు. తనంతట తానే పంపే ఆటోమేటిక్ స్టేటస్ మొదటి బైట్‌కి ఇంకో ముద్ర ఉంటుంది, దాన్నిబట్టి ఏ జవాబు దేనిదో విడదీయవచ్చు. ఒక్కో బైట్‌కీ ఇలా వేషం వేసి పంపే దారిలో, 0 నుంచి 255 వరకూ ఏ విలువైనా రాగల చుక్కల డేటాకి చోటెక్కడ? ఫాంట్‌ని దాచాలన్న ఉద్దేశం కంటే ఈ ఇరుకుదారే పెద్ద కారణంగా తోస్తుంది. ఫర్మ్‌వేర్ మీద, ఫాంట్ల మీద తయారీదారుకి హక్కులుంటాయి, నిజమే. కానీ మనం పంపిన మన సొంత అక్షరాన్ని మనకే తిరిగి ఇవ్వకపోవడానికి హక్కులు కారణం కాలేవు.

చదవడానికి నిజంగా వీలున్న మెమరీ ఒకటుంది, దాని షరతులూ ఇదే మాట చెబుతాయి. ఎప్సన్ మోడళ్లలో కొన్నిటికి వాడేవాళ్ల కోసం 1 కేబీ శాశ్వత మెమరీ ఇచ్చారు. 28, 103, 49తో రాస్తారు, 28, 103, 50తో చదువుతారు. చిరునామా చెప్పి, ఎన్ని బైట్లు కావాలో చెబితే పంపుతుంది. ఒక్కసారికి 80 బైట్లు మించవు. రాసేటప్పుడు 32 కంటే తక్కువ విలువలు పెట్టకూడదు. సున్నా, 17, 19 అన్నీ ఆ గీతకి కిందే ఉన్నాయి. చదివేటప్పుడు వచ్చే చిక్కుని రాసేటప్పుడే అడ్డుకున్నారు.

ఈ షరతులు ఒప్పుకుంటే సొంత అక్షరాల్ని ప్రింటర్లోనే చదవగలిగేలా దాచుకోవచ్చు. 36 బైట్లని హెక్స్ అంకెల్లో (0 నుంచి 9, ఎ నుంచి ఎఫ్; ఒక్కో బైట్‌కి రెండేసి) రాస్తే 72 అక్షరాలవుతాయి, అన్నీ 32 పైనే. 72 అంటే 80 లోపే, కాబట్టి ఒక్కో అక్షరం ఒక్కో చదువులో పూర్తిగా వస్తుంది. 1024 బైట్లలో ఇలాంటివి 14 పడతాయి. పూర్తి ఫాంట్‌కి చాలదు గానీ, ప్రత్యేక గుర్తులు నాలుగైదు ఉన్నచోట ధారాళం. ఈ మెమరీకి రాత ఆయుష్షు తక్కువ. రోజుకి పదిసార్లు మించి రాయొద్దని మాన్యువల్ చెబుతుంది. ఒక్కసారి రాసి వదిలేసే పనికి ఆ బెంగ లేదు. అయితే దాచేటప్పుడే ఇలా చెయ్యాలి. ఇప్పటికే ర్యామ్‌లో ఇరుక్కుపోయిన అక్షరానికి ఈ ఉపాయం పనికిరాదు.

లేబుల్ ప్రింటర్ల వైపు చూస్తే కథ వేరు. జీబ్రా కంపెనీ జెడ్‌పీఎల్ భాషలో మెమరీకి డ్రైవ్ పేర్లుంటాయి, లోపల ఫైళ్లుంటాయి. ఏ ఫైళ్లున్నాయో, ఒక్కోటి ఎంత పెద్దదో జాబితా అడగవచ్చు, దాచిన బొమ్మల్ని కంప్యూటర్‌కి వెనక్కి తెప్పించవచ్చు. ఆ భాషలో బొమ్మలు, బిట్‌మ్యాప్ ఫాంట్లు హెక్స్ అంకెల టెక్స్ట్‌గానే పంపే ఏర్పాటు మొదటినుంచీ ఉంది. ఒక బైట్ రెండక్షరాలవుతుంది, డేటా రెట్టింపవుతుంది, కానీ ఏ బైటూ దేనితోనూ గొడవ పడదు. బిల్లు ప్రింటర్ల భాష బైట్లు ఆదా చేసుకునే దారి పట్టింది, ఆ పొదుపుకి మూల్యం వెనక్కి వచ్చే దారిలో చెల్లించింది.

ఆ పొదుపు అప్పట్లో తప్పనిసరి. సెకనుకి 9600 బిట్ల సీరియల్ కేబుల్ మీద, మొదలు చివర బిట్లు కలిపి ఒక బైట్‌కి 10 బిట్లు పోతాయి కాబట్టి, సెకనుకి వెళ్లేది 960 బైట్లే. 32 నుంచి 255 వరకూ ఉన్న 224 కోడ్‌ల ఫాంట్ 8,064 బైట్లు, ఎనిమిదిన్నర సెకన్లలోపు అయిపోతుంది. చైనా అక్షరాలున్న ప్రింటర్ అయితే? జీబీ 2312లో 6,763 చైనా అక్షరాలు, 682 గుర్తులు కలిపి 7,445. ఒక్కోటి 24 చుక్కలు బై 24 చుక్కలు, అంటే 72 బైట్లు. మొత్తం 5,36,040 బైట్లు. చదవడానికి తొమ్మిది నిమిషాలు దాటుతుంది. అంతసేపూ బిల్లులు ఆగిపోవాల్సిందే.

కమాండ్‌తో రాదని తేలాక కూడా దారి మూసుకుపోలేదు. ప్రింటర్ తనలోని అక్షరాన్ని చెప్పడానికి వాడే అసలు మాధ్యమం కాగితం. దాన్నే చదవాలి.

ముందుగా ఒక జాగ్రత్త. చదవాల్సినవి ర్యామ్‌లోని సొంత అక్షరాలైతే ప్రింటర్‌ని ఆపకూడదు. ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని స్విచ్ వేస్తే వచ్చే సెల్ఫ్ టెస్ట్ చూద్దామని చాలామందికి మొదట అనిపిస్తుంది. ఆ స్విచ్ ఆపడంతోనే వెతుకుతున్నది కాస్తా మాయమవుతుంది. మామూలు డ్రైవర్ ద్వారా ప్రింట్ ఇవ్వడమూ ప్రమాదమే, ప్రతి బిల్లు మొదట్లో రీసెట్ కమాండ్ పంపడం చాలా ప్రోగ్రాంలకి అలవాటు. నేరుగా పోర్టుకే బైట్లు పంపాలి. వెనక్కి జవాబు వచ్చే దారి ఉందో లేదో కూడా అప్పుడే తెలుస్తుంది: 16, 4, 1 పంపి 18 లాంటిది వస్తుందేమో చూడాలి. నెట్‌వర్క్ ప్రింటర్ అయితే 9100 పోర్టుకి కలిపిన అదే కనెక్షన్ మీద జవాబు వస్తుంది. ప్రింటర్‌దే తప్పనుకుని తలపట్టుకునే చాలా సందర్భాల్లో అసలు కారణం, మధ్యలో ఉన్న ప్రింట్ స్పూలర్ (ప్రింట్ పనుల్ని వరసలో పెట్టి ప్రింటర్‌కి పంపే ప్రోగ్రాం) జవాబుల్ని వెనక్కి అందించకపోవడమే.

ఇప్పుడు పెద్దది చెయ్యాలి. 29, 33, 119 పంపితే అక్షరం అడ్డంగా ఎనిమిది రెట్లు, నిలువుగా ఎనిమిది రెట్లు అవుతుంది. మిల్లీమీటరుకి 8 చుక్కలు వేసే ప్రింటర్లో దీనివల్ల ఒక ముచ్చట జరుగుతుంది. అసలు అక్షరంలోని ఒక్కో చుక్క కాగితం మీద సరిగ్గా 1 మిల్లీమీటరు గడి అవుతుంది. 12 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న గళ్ల బొమ్మ దొరుకుతుంది, గ్రాఫ్ కాగితం మీద గీసినట్టే. 72 మిల్లీమీటర్ల అచ్చు వెడల్పులో వరసకి ఆరు పడతాయి. 95 అక్షరాలకి 16 వరసలు, 40 సెంటీమీటర్ల లోపు కాగితం. స్కాన్ చేసి, ప్రతి గడి మధ్యలో నలుపో తెలుపో చూసే చిన్న ప్రోగ్రాం రాస్తే 36 బైట్లు తిరిగి తయారవుతాయి. చైనా అక్షరాలన్నీ ఇలా తియ్యాలంటే మాత్రం దాదాపు 60 మీటర్ల కాగితం పడుతుంది. ఓపిక ఉన్నవాళ్లకి అదీ ఒక దారే.

ఈ పద్ధతిలో మోసపోయే చోట్లు రెండున్నాయి. ఒకటి స్మూతింగ్. 29, 98తో నడిచే ఈ సదుపాయం పెద్దవి చేసిన అక్షరాల మెట్ల అంచుల్ని నున్నగా చేస్తుంది. చూడటానికి బాగుంటుంది, చదవడానికి అబద్ధం చెబుతుంది. దాన్ని, బోల్డ్‌నీ ఆపాకే అచ్చు వెయ్యాలి. రెండోది కోడ్‌కీ రూపానికీ మధ్య ఉన్న పొర. 27, 82తో దేశం ఎంపిక మారిస్తే 35, 36, 64 లాంటి పన్నెండు కోడ్‌ల రూపాలు మారిపోతాయి. 128 పైన ఉన్నవి కోడ్ పేజీని బట్టి మారతాయి. సొంత అక్షరాల సంగతైతే 27, 37, 1 పంపితేనే అవి కనిపిస్తాయి, లేకపోతే ప్రింటర్ సొంతవే పడతాయి. ఏ సెట్టింగ్ కింద తీసిన అచ్చో పక్కనే రాసుకోకపోతే తర్వాత ఆ కాగితానికి అర్థం ఉండదు.

ఇంకా లోతుకి వెళ్లాలంటే ప్రింటర్ విప్పి, బోర్డు మీద ఉన్న ఫ్లాష్ చిప్‌ని క్లిప్‌తో పట్టుకుని మొత్తం చదివేయడం. తయారీదారు ఇచ్చే ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఫైల్లోనూ కొన్నిసార్లు ఫాంట్ ఉంటుంది. గుప్తీకరించకుండా, కుదించకుండా ఉంటేనే పని జరుగుతుంది. బయటపడ్డ ఫాంట్‌ని ఎక్కడ, ఎంతవరకు వాడుకోవచ్చన్నది ఆయా దేశాల చట్టం సంగతి.

చిప్‌లోని లక్షల బైట్లలో ఫాంట్ ఎక్కడుందో వెతకడానికి కాగితమే తాళంచెవి. కాగితం మీద గళ్లు లెక్కపెట్టి తయారు చేసుకున్న ‘ఎల్’ 36 బైట్లని ఆ డేటాలో వెతకాలి. దొరక్కపోతే అది అడ్డ వరసల్లో దాచి ఉండవచ్చు. అప్పుడు వరసకి 2 బైట్ల చొప్పున 24 వరసలు, 48 బైట్లు. అదీ కాకపోతే బిట్లు కింద నుంచి పైకి తిరగేసి చూడాలి, లేదా నలుపు తెలుపులు తారుమారు చేసి చూడాలి. నిలువు వరసల రూపంలోనే దొరికిందనుకుందాం. ‘ఎల్’ కోడ్ 76, పట్టిక మొదలయ్యేది 32 నుంచి. మధ్యలో 44 అక్షరాలు, 1,584 బైట్లు. దొరికిన చోటు నుంచి అన్ని బైట్లు వెనక్కి వెళ్తే వరసగా 36 సున్నాలు కనిపించాలి. అదే ఖాళీ జాగా అక్షరం, ఫాంట్ పట్టికకి మొదటి గడి.